నోయిర్ సినిమా చూడటం నేర్చుకుందాం – 4: రెండోసారి, నలుగురితో కలిసి

పోయిన పాఠంలో 'లాస్ట్ హైవే'ని ఒక్కరే కూర్చుని ఒకసారి చూసి రమ్మన్నాం. చూసినవాళ్లలో చాలామందికి అయోమయం మిగిలి ఉంటుంది, కొందరికి కోపం కూడా వచ్చి ఉంటుంది. డేవిడ్ లించ్ తీసిన ఈ సినిమా 1997లో వచ్చినప్పుడు సిస్కెల్, ఈబర్ట్ అనే పేరున్న అమెరికన్ విమర్శకులు ఇద్దరూ బాగాలేదని బొటనవేళ్లు కిందికి దించారు. సినిమా చూడటానికి ఇవి ఇంకో రెండు మంచి కారణాలు అంటూ వాళ్ల తీర్పునే ప్రకటనల్లో వేశారు. ఈ వారం స్నేహితులతో కలిసి మళ్లీ చూస్తాం. 'దీని అర్థమేంటి' అనే ప్రశ్నను మాత్రం చివరిదాకా పక్కన పెడతాం.

ముందు గది సంగతి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో చూసినా ఒంగోలు లాయర్‌పేటలో చూసినా పొద్దుగూకాక, ఏడున్నరకు మొదలుపెట్టండి. కథలో శాక్సోఫోన్ వాయించే ఫ్రెడ్ తన ఇంట్లో నడవా చీకట్లోకి నడిచి మాయమయ్యే దృశ్యం ఉంది. కిటికీలోంచి వెలుగు పడుతుంటే ఆ చోట తెరమీద మీ మొహాలే కనబడతాయి. అప్పుడు ఎవరో ఒకరు బ్రైట్‌నెస్ పెంచుతారు, నలుపు కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది. టీవీలో 'వివిడ్' తీసేసి 'సినిమా' మోడ్ పెట్టండి, కదలికను కృత్రిమంగా నునుపు చేసే 'మోషన్ స్మూతింగ్' ఆపేయండి. శబ్ద రూపకల్పన కూడా లించ్‌దే. ఆ ఇంట్లో అడుగున ఎప్పుడూ ఒక హోరు వినబడుతూ ఉంటుంది. టీవీ స్పీకర్లు దాన్ని మింగేస్తాయి కాబట్టి సౌండ్‌బార్ తగిలించండి. ఫ్యాన్ చప్పుడు చేస్తుంటే వేగం తగ్గించండి. శృంగారం, హింస రెండూ ఉన్న సినిమా ఇది, పిల్లలున్న హాల్లో వద్దు.

నిడివి 134 నిమిషాలు. రెండోసారికి దాన్ని రెండు రాత్రులకు పంచుకోండి. జైలు గదిలో ఫ్రెడ్ ఉండాల్సిన చోట పీట్ అనే కుర్రాడు కనబడేదాకా మొదటి రాత్రి, మిగతాది రెండో రాత్రి. మధ్యలో ఆపి మాట్లాడొద్దు, ఆపిన ప్రతిసారీ ఆ హోరు తెగిపోతుంది. నలుగురి నుంచి ఆరుగురిదాకా అయితే మాట సాగుతుంది. అంతకు మించితే ఇద్దరే మాట్లాడతారు.

ఒక్కొక్కరి చేతిలో నోటుబుక్కు ఉండాలి. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు చూసింది, విన్నది రాయండి. కుడివైపు అనుకున్నది రాయండి. 'ఫ్రెడ్ భార్యను చంపాడు' అన్నది కుడివైపు మాట. 'ఇంటి గుమ్మంలో ఎవరో వదిలి వెళ్లిన వీడియో టేపుల్లో మూడోదాంట్లో భార్య రెనీ శవం పక్కన ఫ్రెడ్ ఉన్నాడు' అన్నది ఎడమవైపుది. ఈ తేడా చేతికి అలవాటు కావడమే ఈ పాఠంలో సగం.

మొదటి రాత్రి టేపుల వరస గమనించండి. మొదటిదాంట్లో ఇల్లు బయటినుంచి కనబడుతుంది. రెండోదాంట్లో కెమెరా లోపలికొచ్చి, నిద్రపోతున్న ఇద్దరినీ చూపిస్తుంది. ఆ తర్వాత పోలీసులు వస్తారు. వీడియో కెమెరా ఉందా అని అడిగితే ఫ్రెడ్‌కు అవంటే పడవంటుంది రెనీ. తనకు విషయాలను తన పద్ధతిలో గుర్తుంచుకోవడం ఇష్టమనీ, అవి జరిగినట్టే ఉండాల్సిన పని లేదనీ ఫ్రెడ్ చెబుతాడు. సినిమా మొత్తానికి తాళంచెవి ఈ సమాధానమేనని మా గట్టి నమ్మకం. మొదటిసారి చూసేవాళ్ల ధ్యాసంతా టేపులు ఎవరు పంపారన్నదానిమీదే ఉంటుంది, అందుకే ఈ మాట చెవిన పడదు.

రెండో రాత్రికి ముందు ఒక హెచ్చరిక. మనం డబుల్ యాక్షన్ చూసి పెరిగినవాళ్లం. కారంచేడు రామానాయుడు గారు 1964లో 'రాముడు భీముడు' తీసినప్పటినుంచీ, అంతకు ముందునుంచీ కూడా, ఒకే నటుడు ఇద్దరిగా కనబడితే కవలలో, పోలిక కలిసినవాళ్లో అని మన బుర్ర టక్కున తేల్చేస్తుంది. ఇక్కడ ముదురు రంగు జుట్టున్న రెనీ, బంగారు జుట్టున్న ఆలిస్ ఇద్దరూ పట్రీషియా ఆర్కెట్టే. దీనికి తిరగేసిన పని కూడా ఇందులోనే ఉంది. ఫ్రెడ్‌గా బిల్ పుల్‌మన్, పీట్‌గా బాల్తజార్ గెట్టీ, ఒక మనిషి ఉండాల్సిన చోట ఇద్దరు నటులు. మొదటిదాన్ని కవలలని సరిపెట్టుకున్నవాళ్లు రెండోదాని దగ్గర ఇరుక్కుంటారు. అందుకే నటుణ్ణిబట్టి మనిషిని లెక్కపెట్టకండి. మాటలనూ వస్తువులనూ పట్టుకుని వెళ్లండి.

అలా వెళ్తే దొరికేవి ఇవి. మోక్స్ అనే చోట ఒకణ్ణి కలిశానని, వాడు ఏదో ఉద్యోగం సంగతి చెప్పాడని రెనీ కారులో అంటుంది. తర్వాత ఆలిస్ కూడా దాదాపు అవే మాటలతో కథ మొదలుపెడుతుంది. పీట్ పనిచేసే గ్యారేజీ రేడియోలో ఫ్రెడ్ శాక్సోఫోన్ వస్తే పీట్‌కు తలనొప్పి వచ్చి మార్చేస్తాడు. రెనీ స్నేహితుడు ఆండీ ఇంట్లో ఫోటోలో రెనీ, ఆలిస్ అనే ఇద్దరు ఆడవాళ్లున్నారు. పోలీసులు అదే ఫోటో చూసేసరికి ఆ ఇద్దరిలో రెనీ ఒక్కతే ఉంటుంది. ఫోటో మారిందా, చూసేవాళ్లు మారారా? ఎడమవైపు రాయగలిగినంత రాసి ఆగండి.

ఇక చర్చ. మొదటి చుట్టులో ఒక్కొక్కరూ ఎడమవైపునుంచి మూడు విషయాలే చదవాలి, ఎవరూ వివరించకూడదు. రెండో చుట్టులో ఆ విషయాల్లో తేడాలొస్తే ఆ దృశ్యం మళ్లీ వేసి తేల్చుకోండి. ఫోటో దగ్గర తేడా తప్పకుండా వస్తుంది. మూడో చుట్టులోనే కుడివైపు తెరవాలి. ఎవరు ఏ అర్థం చెప్పినా దానికి ఎడమవైపునుంచి రెండు ఆధారాలు చూపించాలి, దానికి ఇమడని ఒక దృశ్యం కూడా వాళ్లే చెప్పాలి. మొత్తం పీట్ కథ ఫ్రెడ్ ఊహే అంటే చాలావరకు కుదురుతుంది. కానీ ఫ్రెడ్ గదిలో పీట్‌ను జైలు గార్డులు కూడా చూశారు, వదిలిపెట్టారు. దాన్ని ఏం చేస్తారు?

చర్చ చెడేది ఎక్కువగా ఒక్కచోటే: ఎవరో యూట్యూబ్ వివరణ చూసి వచ్చి మొదటి చుట్టులోనే మొత్తం చెప్పేస్తారు. మిగతావాళ్లు ఇక తమ నోటుబుక్కు తెరవరు. అలాంటి మిత్రుణ్ణి కూర్చోబెట్టండి గానీ ఆఖరున మాట్లాడమనండి.

వచ్చే పాఠానికి పని: మొదట్లో ఇంటర్‌కామ్‌లో ఫ్రెడ్ విన్న "డిక్ లారెంట్ చనిపోయాడు" అనే మాటను చివర్లో ఎవరు, ఎక్కడ నిలబడి చెబుతారో చూడండి. ఆ రెండు దృశ్యాలను మాత్రమే వరసగా రెండుసార్లు వేసుకుని, ఎడమవైపు కనీసం ఎనిమిది వాక్యాలు రాసి ఉంచండి. కుడివైపు ఖాళీగా వదలండి, పాఠం 5 అక్కడినుంచి మొదలవుతుంది.