బొలోన్యా యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: నామినేషన్ నుంచి మార్కుల పత్రం దాకా దరఖాస్తు విధానం

ఇటలీలో ఒక సెమిస్టర్ చదవడానికి పెట్టే దరఖాస్తులో ఏ ఒక్క ఫారమూ కష్టమైంది కాదు. చిక్కంతా వరసలోనే ఉంది. ముందు కాగితం చేతికి రాకపోతే తర్వాతది కదలదు. మొదటి దాంట్లో పడ్డ అక్షరం తప్పు చివరిదాకా వెంట వస్తుంది. ఇక్కడ బొలోన్యా విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ వరస చెబుతున్నాను. 1088లో మొదలైందని చెప్పుకునే ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ కోర్సులు ఉన్నాయి గానీ, డిగ్రీ స్థాయిలో ఎక్కువ పాఠాలు ఇటాలియన్‌లోనే జరుగుతాయి. రోమ్, పడువా, టురిన్ లాంటి చోట్లకు వెళ్లేవాళ్లకు పోర్టళ్ల పేర్లు మారతాయి, వరస మాత్రం దాదాపు ఇదే.

ముందు కదలాల్సింది మీ కాలేజీ

ఎక్స్ఛేంజ్ సీటుకు విద్యార్థి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. మీ యూనివర్సిటీకీ బొలోన్యాకూ మధ్య ఒప్పందం ఉండాలి. దాని కింద మీ ఇంటర్నేషనల్ ఆఫీసు మిమ్మల్ని నామినేట్ చేయాలి. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ మార్పిడి పథకమైనా, రెండు యూనివర్సిటీలు నేరుగా చేసుకునే ఓవర్సీస్ ఒప్పందమైనా అంతే. ట్యూషన్ ఫీజు సొంత యూనివర్సిటీకే కడతారు. నామినేషన్ అందాకే ఆల్మాఆర్‌ఎం అనే పోర్టల్‌లో మీరు దరఖాస్తు నింపాలి.

ఆ ఫారం తెరిచేముందు పాస్‌పోర్టు ఒకసారి తీసి చూసుకోండి. మన దగ్గర చాలామందికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. ఇటలీ ఫారాల్లో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి వేర్వేరుగా ఉంటాయి, రెండూ నింపాల్సిందే. పోర్టల్‌లో ఒకలా, వీసా ఫారంలో ఇంకోలా విడగొడితే రేపు పోలీసు ఆఫీసులో మీరొక్కరే ఇద్దరు మనుషులైపోతారు. వీలుంటే నామినేషన్‌కు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. టైం లేకపోతే ఒక పద్ధతి ఎంచుకుని, ప్రతి కాగితంలోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి.

తర్వాతది లెర్నింగ్ అగ్రిమెంట్, అంటే అక్కడ ఏ పేపర్లు చదువుతారో, వాటికి ఇక్కడ ఎన్ని క్రెడిట్లు ఇస్తారో ముందే రాసుకునే ఒప్పందం. మీరు, మీ కాలేజీ, బొలోన్యా, ముగ్గురూ ఒప్పుకోవాలి. దీన్ని ఉత్త ఫార్మాలిటీ అనుకుని ఏవో నాలుగు పేపర్లు రాసి పంపేవాళ్లున్నారు. ఒక క్రెడిట్ అంటే సుమారు 25 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు అని లెక్క. ఆ లెక్కన సెమిస్టర్‌కు 30 చాలు, మొదటిసారి వెళ్లేవాళ్లకు అదీ ఎక్కువే. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ విశ్వవిద్యాలయం బొలోన్యాలోనే కాక చెసేనా, ఫోర్లీ, రవెన్నా, రిమినీ ఊళ్లలోనూ ఉంది. ఒకే పేరున్న పేపర్ రెండు క్యాంపస్‌లలో ఉండొచ్చు. రిమినీ ఏమో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. పేరు చూసి ఎంచుకోకండి. కోర్సు కోడ్, క్యాంపస్, ఏ సెమిస్టర్‌లో చెబుతారు, ఏ భాషలో చెబుతారు, ఈ నాలుగూ చూసి ఎంచుకోండి.

భాష సంగతి దాచి లాభం లేదు. ఇటాలియన్ పాఠాలకు కనీసం బీ1 స్థాయి, అంటే యూరప్ భాషా కొలమానంలో మధ్యస్థాయి, ఉండాలని చెబుతారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇటాలియన్ మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పలకడం మనవాళ్లకు తొందరగానే పట్టుబడుతుంది. రెండొందల మంది కూర్చున్న హాల్లో ప్రొఫెసర్ చెప్పేది విని నోట్సు రాసుకోవడం మాత్రం వేరే విద్య. విశ్వవిద్యాలయం లాంగ్వేజ్ సెంటర్‌లో ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ఇటాలియన్ క్లాసులుంటాయి. ప్లేస్‌మెంట్ టెస్ట్ రాస్తేనే అందులో చేరనిస్తారు, ఆ టెస్టు గడువు చూసుకోండి.

వీసా, పన్ను నంబరు, ఇల్లు

బొలోన్యా పంపే అంగీకార పత్రమే వీసాకు పునాది. మీరు అక్కడ డిగ్రీలో చేరడం లేదు. కాబట్టి కన్సల్టెన్సీల వాళ్లు చేతిలో పెట్టే జాబితాల్లో యూనివర్సిటాలీ (ముందస్తు నమోదు పోర్టల్), డిక్లరేషన్ ఆఫ్ వాల్యూ (మన సర్టిఫికెట్ విలువను ధ్రువీకరించే పత్రం) చూసి టెన్షన్ పడకండి, అవి డిగ్రీకి వెళ్లేవాళ్ల కోసం. మూడు నెలలు దాటే చదువుకు డి టైపు స్టడీ వీసా కావాలి. దరఖాస్తు వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ గ్లోబల్ సంస్థ ద్వారా వెళ్తుంది, వీసా ఫీజు 50 యూరోలు. 2025 జనవరి నుంచి డి వీసాకు కూడా వేలిముద్రలు ఇవ్వాలి, అంటే మీరే స్వయంగా వెళ్లాలి. అంగీకార పత్రం, ఇన్సూరెన్స్, ఉండడానికి చోటు, ఖర్చులకు డబ్బున్నట్టు బ్యాంకు రుజువు అడుగుతారు. వీసా వచ్చినరోజే దానిమీద పేరు, తేదీలు చదివి చూసుకోండి. ఊరు దాటాక దిద్దించుకోవడం అయ్యే పని కాదు.

కోదిచె ఫిస్కాలె అనే పన్ను నంబరు లేకుండా అక్కడ ఇల్లు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య నమోదు ఏదీ నడవదు. పన్నుల శాఖ అయిన అజెంజియా దెల్లె ఎంత్రాతె దీన్ని ఉచితంగా ఇస్తుంది. మన ఆధార్ నంబరులా ఏవో అంకెలు కావు, మీ వివరాలే అక్షరాలు, అంకెలు కలిపి 16 గుర్తులుగా మారతాయి. కొమ్మినేని సాహితి (ఇంగ్లిష్‌లో Kommineni Sahithi) అనే అమ్మాయి 2004 ఆగస్టు 9న మన దేశంలో పుట్టిందనుకుందాం. ఇంటిపేరులోని మొదటి మూడు హల్లులు కే, ఎం, ఎం. పేరులో నాలుగు హల్లులున్నాయి కాబట్టి ఒకటి, మూడు, నాలుగు తీసుకుంటే ఎస్, టీ, హెచ్. ఆపైన సంవత్సరానికి 04, ఆగస్టుకు ఎం, తేదీకి 49. ఆడవాళ్ల పుట్టినరోజుకు 40 కలుపుతారు, అది పొరపాటు కాదు. తర్వాత భారతదేశానికి జడ్ 222, చివర ఒక తనిఖీ అక్షరం. పేరు ఎలా విడగొట్టారన్నదానిమీద ఇంత గోల ఎందుకో ఇప్పుడు తెలిసి ఉంటుంది. ఇంటిపేరు మారితే నంబరే మారిపోతుంది.

ఇల్లు దొరకడం బొలోన్యాలో అన్నిటికంటే కష్టం. సెప్టెంబరులో దిగి వెతుక్కుందాంలే అనుకుంటే హాస్టల్ బిల్లులే మిగులుతాయి. పోస్తో లెత్తో అని రాసి ఉంటే ఇంకొకరితో పంచుకునే గదిలో ఒక మంచం మాత్రమే ఇస్తారన్నమాట, సింగోలా అంటే విడి గది. ఒప్పందాన్ని పన్నుల శాఖలో రిజిస్టర్ చేయించని ఓనరుకు దూరంగా ఉండండి, అద్దె ఎంత తగ్గించినా సరే. గది చూడకుండా, కాగితం లేకుండా అడ్వాన్సు పంపడం దండగ. యూరప్ బయటివాళ్లకు ఇంట్లో చోటిస్తే ఓనరు 48 గంటల్లో పోలీసులకు తెలపాలని అక్కడి చట్టం చెబుతుంది. ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి.

దిగిన ఎనిమిది పనిదినాల్లో

ఇటలీలో అడుగుపెట్టిన ఎనిమిది పనిదినాల్లోపు పెర్మెస్సో ది సొజ్జోర్నో, అంటే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. వీసా ఉందిగా అని ఊరుకోవద్దు. వీసా లోపలికి రానిస్తుంది, ఉండనిచ్చేది ఇదే.

స్పోర్తెల్లో అమీకో కౌంటర్ ఉన్న పోస్టాఫీసులో కిట్, అంటే దరఖాస్తు ఫారాల కవరు, అడిగితే ఉచితంగా ఇస్తారు. అందులోని ఫారం నల్ల పెన్నుతో నింపి, పాస్‌పోర్టు, వీసా, అంగీకార పత్రం, ఇన్సూరెన్స్ కాపీలు జతచేయాలి. తబాక్కి (పొగాకు దుకాణం) బోర్డు ఉన్న కొట్లో 16 యూరోల స్టాంపు, మార్కా ద బోల్లో, కొనుక్కోండి. ఏడాదిలోపు అనుమతికి 40, ఎలక్ట్రానిక్ కార్డుకు 30.46, పోస్టాఫీసు చార్జీ 30. అన్నీ కలిపితే 116.46 యూరోలు. కవరు అంటించకుండా తీసుకెళ్లండి, కౌంటర్‌లో గుమాస్తా లోపలి కాగితాలు చూస్తారు. ఒరిజినల్ పాస్‌పోర్టు కూడా చూపించాలి.

చేతికిచ్చే రసీదును ప్రాణంలా దాచుకోండి. క్వెస్తూరా, అంటే పోలీసు ఆఫీసు, వేలిముద్రలకు ఎప్పుడు రమ్మంటుందో ఆ తేదీ చెబుతారు. కార్డు రావడానికి నెలలు పడుతుంది. ఒక సెమిస్టర్‌కు వెళ్లినవాళ్లు తిరుగు విమానం ఎక్కేలోపు కార్డు చూడకపోవడం మామూలే. ఈలోపు ఇటలీలో ఆ రసీదే మీ అనుమతి. అయితే వీసా గడువు దాటాక ఉత్త రసీదు పట్టుకుని పారిస్ చూసొద్దామని బయల్దేరకండి, ఇటలీతో పాటు ఒకే వీసా ఒప్పందంలో ఉన్న ఇతర షెంగెన్ దేశాల్లో అది చెల్లదు. ఇల్లు మారితే 15 రోజుల్లో క్వెస్తూరాకు తెలపాలి.

ఆరోగ్య బీమాలో ఒక లెక్క చూసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య సేవలో స్వచ్ఛందంగా చేరితే 2024 నుంచి విద్యార్థులకు ఏడాదికి 700 యూరోలు. అది జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క, అక్టోబరులో కట్టినా డిసెంబరు 31తో సరి. ఒక్క సెమిస్టర్ ఉండేవాళ్లకు ప్రైవేటు పాలసీయే నయం.

ఇవి జరుగుతుండగానే ఆల్మాఆర్‌ఎంలో చెక్-ఇన్ చేసి మీ రాకను నమోదు చేయండి.

పరీక్షలు

తొమ్మిదింటి క్లాసు తొమ్మిదింపావుకు మొదలవుతుంది, అది అక్కడి ఆనవాయితీ. పరీక్షలకు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. ఆల్మాఎసామి పోర్టల్‌లో ప్రతి పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే ఇంకో తేదీ దాకా ఆగాల్సిందే. శీతాకాలం పరీక్షలు జనవరి, ఫిబ్రవరిలో, వేసవివి జూన్, జులైలో ఉంటాయి. చాలా పేపర్లకు నోటి పరీక్షే ఉంటుంది. మన వైవా లాంటిదే అనుకోవద్దు, పేపర్ మొత్తం భారం దానిమీదే. మార్కులు 30కి వేస్తారు, 18 వస్తే పాస్, అద్భుతంగా చెప్పినవాళ్లకు 30తో పాటు లోదె, అంటే ప్రత్యేక ప్రశంస. నచ్చని మార్కును వద్దని చెప్పి మళ్లీ రాసుకునే వీలు సాధారణంగా ఉంటుంది. తిరుగు టికెట్ తేదీ చూసుకున్నాకే వద్దనండి.

సిలబస్‌లో క్లాసుకొచ్చేవాళ్లకు ఒక పుస్తకాల జాబితా, రానివాళ్లకు ఇంకా పొడుగు జాబితా ఉంటుంది. మీరు ఏ జాబితా కిందకు వస్తారో, పరీక్ష ఇంగ్లిష్‌లో ఇవ్వొచ్చో మొదటి వారంలోనే ప్రొఫెసర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

వచ్చేముందు పోర్టల్‌లో చెక్-అవుట్ చేయాలి. ఆఖరి మార్కు రికార్డులోకి ఎక్కిందో లేదో చూశాకే ట్రాన్స్‌క్రిప్ట్ అడగండి. అది లేనిదే మీ కాలేజీ క్రెడిట్లు కలపదు.