చిన్న క్యాబినెట్, చల్లని గ్రాఫిక్స్ కార్డ్ – 3వ పాఠం: ముందు వోల్టేజ్ తగ్గిద్దాం

కార్డ్ ఉష్ణోగ్రతతో పాటు గది ఉష్ణోగ్రత కూడా రాసిపెట్టుకోమని కిందటి పాఠంలో చెప్పాను. ఎందుకంటే, ఏసీ వేసిన 25 డిగ్రీల గదిలో మీ కార్డ్ 75 దగ్గర నిలిచిందంటే తేడా 50 డిగ్రీలు. అదే లోడు, అదే ఫ్యాన్ వేగం అయితే ఈ తేడా పెద్దగా మారదు. కర్తరి ఎండల్లో చెన్నై వేళచ్చేరిలోని మేడమీది గది 35 డిగ్రీలుంటే (ఆ గదుల గోడలు పొద్దుపోయాక కూడా సెగలు కక్కుతూనే ఉంటాయి) కార్డ్ 85కి ఎక్కాలి. ఎక్కకుండా ఆపడానికే ఫ్యాన్లు వేగం పెంచుతాయి. మీరు వినే హోరు అదే.

అందుకే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఫ్యాన్లు కొనడం ఇప్పుడే వద్దు. పది లీటర్ల కంప్యూటర్ క్యాబినెట్‌లో గాలి తిరిగే దారే తక్కువ. ముందు పుట్టే వేడిని తగ్గించాలి, దానికి పైసా ఖర్చు లేదు.

చిప్ వాడే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. అదే క్లాక్‌లో, అంటే చిప్ వేగం మారకుండా, 1050 మిల్లీవోల్టుల నుంచి 900కి దిగితే ఇంచుమించు నాలుగో వంతు పవర్ ఆదా అవుతుంది. కార్డ్‌లోని మెమరీ వాడే పవర్ తగ్గదు కాబట్టి కార్డ్ మొత్తం మీద లాభం ఇంకాస్త తక్కువ. అయినా 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 టీఐకి అది చాలా ఎక్కువే. చిప్‌లన్నీ ఒకేలా రావు, బలహీనమైనది కూడా నిలబడాలి కనుక కంపెనీలు వోల్టేజ్ కాస్త ఎక్కువగానే పెట్టి పంపుతాయి. మనం వాడుకునేది ఆ మిగులునే.

గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగ్స్ మార్చే ఎమ్మెస్సై ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కండి. చుక్కలతో ఒక వంపుగీత కనిపిస్తుంది. అడ్డంగా మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్‌లు. గేమ్‌లో మీ కార్డ్ 1850 మెగాహెర్ట్జ్‌ల దగ్గర నిలకడగా ఉందనుకుందాం. కోర్ క్లాక్ స్లైడర్‌ని కిందికి లాగుతూ, గీత కుడి కొస కూడా 1850 కంటే దిగేదాకా తగ్గించండి. తర్వాత 900 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కను పట్టుకుని 1850కి ఎత్తి, టిక్ గుర్తు నొక్కండి. కుడివైపు చుక్కలన్నీ ఆ ఎత్తులోనే బల్లపరుపుగా సర్దుకుంటాయి.

ఇక మీరు రోజూ ఆడే గేమే ఆడండి. బెంచ్‌మార్క్ (కార్డ్ సత్తా కొలిచే పరీక్ష) ఒక్కసారి గట్టెక్కితే చాలనుకోవద్దు. తెర నల్లబడినా, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోయినా 25 మిల్లీవోల్టులు పెంచి మళ్లీ చూడండి. నమ్మకం కుదిరేదాకా విండోస్‌తో పాటే అమలయ్యే ఆప్షన్ జోలికి పోకండి. అప్పుడు ఏం జరిగినా రీస్టార్ట్ చేస్తే పాత స్థితి వచ్చేస్తుంది.

ఫ్యాన్ సెట్టింగ్స్‌లో టెంపరేచర్ హిస్టెరిసిస్ 5 పెట్టండి. అంటే వేడి 5 డిగ్రీలు దిగేదాకా ఫ్యాన్ వేగం తగ్గదు. ఒకే తీరుగా వచ్చే చప్పుడును చెవి భరిస్తుంది, పెరిగి తగ్గే రొదను భరించదు.

వచ్చే పాఠం జల్లెడ ప్యానెల్ (క్యాబినెట్‌కి ఉండే చిల్లుల పలక) గురించి. ఈలోగా కార్డ్ ఫ్యాన్‌కీ ఆ ప్యానెల్‌కీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల జాగా ఉందో స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి.