పిల్లలతో వైజాగ్ షికార్లు: అమ్మ కూడా ఆడుకోవాలంటే

ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో ఒకసారి చుట్టూ చూడండి. నాన్న ఫొటోలు తీస్తుంటాడు, పిల్లలు నీళ్ళ వైపు పరిగెడుతుంటారు, అమ్మ మాత్రం ఒక చేత్తో అందరి చెప్పులు, ఇంకో చేత్తో బ్యాగు, భుజం మీద తువ్వాలు వేసుకుని "ఒరేయ్ లోపలికెళ్ళకురా" అని గొంతు పోయేలా అరుస్తుంటుంది. ఇంటికొచ్చాక అందరూ "భలే ఎంజాయ్ చేశాం" అంటారు, అప్పటికి ఆవిడ బాత్రూమ్‌లో ఇసుక కడుగుతూ ఉంటుంది. ఆరేళ్ళలోపు పిల్లలున్న అలాంటి అమ్మల కోసమే ఇది. వైజాగ్‌లో ఉండేవాళ్ళయినా, సెలవులకి పుట్టింటికి వచ్చేవాళ్ళయినా సరే. అమ్మ ఆడుకోని షికారుని నేను డ్యూటీ అనే అంటాను.

ముందుగా, ఒక పూటకి ఒకే చోటు. పొద్దున జూ, మధ్యాహ్నం సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం కైలాసగిరి అని చుట్టాలొచ్చినప్పుడు తిప్పినట్టు పిల్లల్ని తిప్పొద్దు. మూడేళ్ళ పిల్లకి అన్నీ చూడాలన్న ఆశేమీ ఉండదు, దారిలో కనిపించిన కుక్కపిల్ల దగ్గరే అరగంట ఉండిపోగలదు. ఆ అరగంట మన దగ్గర ఉందా లేదా అన్నదే అసలు సంగతి. తర్వాత వెళ్ళాల్సిన చోటు ఇంకొకటి ఉంటే "పద పద" అనడం మొదలవుతుంది, అక్కడి నుంచి అందరికీ చిరాకే.

బీచ్‌కి సాయంత్రం కన్నా తెల్లవారుజామున వెళ్ళడం నాకు ఇష్టం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, పిల్లలకి అది చూపించడానికి టికెట్టు లేదు. వాకింగ్ చేసేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో ఆ వేళ కొంతసేపు బళ్ళు ఆపేస్తారు, అప్పుడు పిల్లలు రోడ్డు మీద పరిగెత్తినా మన గుండె ఆగదు. ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చేయొచ్చు. లేవడం కష్టమే, నిజమే. రాత్రే బట్టలు మార్చి పడుకోబెట్టి, పొద్దున నిద్రలోనే ఎత్తుకుని బండెక్కించేయండి, గాలి తగిలితే వాళ్ళే లేస్తారు.

ఇసుకలో ఏం ఆడాలో చాలామంది అమ్మలకి తెలుసు, మర్చిపోయారంతే. ప్లాస్టిక్ బకెట్, పారల సెట్టు కొనక్కర్లేదు. పిచ్చుక గూళ్ళు కట్టండి. అల వచ్చి వెళ్ళాక తడిగా, గట్టిగా ఉండే చోటు చూసుకోండి, పొడి ఇసుక నిలవదు, మరీ నీళ్ళ దగ్గరైతే కారిపోతుంది. కూర్చుని ఒక పాదం ఇసుకలో పెట్టి, దాని మీద గుప్పెళ్ళతో తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి తట్టి గట్టి చేసి, ఊపిరి బిగబట్టి కాలు మెల్లగా వెనక్కి లాగాలి. మీ పాదంతో పెద్ద గూడు, పిల్ల పాదంతో చిన్న గూడు, పక్కపక్కన. మొదట్లో పిల్లలు కాలు ఠక్కున లాగేస్తారు, గూడు కూలిపోతుంది. కూలనివ్వండి, వెంటనే మీ చెయ్యి పెట్టి సరిచేయకండి, కూలడం కూడా వాళ్ళకి ఆటే, కొందరైతే కూల్చడానికే కడతారు. గూళ్ళు నిలబడ్డాక గవ్వలతో వాకిలి, కొబ్బరి పుల్లతో జెండా, ఒక గూటి నుంచి ఇంకో గూటికి వేలితో కాలువ, అలా ఊరంతా కట్టేస్తారు. మీరు అత్తగారు, వాళ్ళు కోడలు, గవ్వలు ఇడ్లీలు. ఈ ఆటలో మీరు కూర్చునే ఉంటారు, మొహానికి గాలి తగులుతుంటుంది, ఎవరూ మిమ్మల్ని ఏమీ తెమ్మని అడగరు. చీర కాకుండా మాసినా పర్వాలేదనుకునే పాత చుడీదార్ వేసుకెళ్తే సగం టెన్షన్ ఇంట్లోనే పోతుంది.

గూళ్ళు విసుగొస్తే పీతల బొరియలు వెతకండి. బొరియ దగ్గర కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటే కాసేపటికి పీత కళ్ళు రెండూ పైకొస్తాయి. నోరు మూయని పిల్లలు కూడా దీని కోసం నోరు మూస్తారు, అమ్మకి ఇదొక బోనస్. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లని కాపాడి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటారు. అది చూసే అదృష్టం కలిగితే దూరం నుంచే చూపించండి, చేత్తో పట్టుకోనివ్వకండి, ఫ్లాష్ వేయకండి.

ఇక నీళ్ళు. ఈ ఒక్క విషయంలో నేను కఠినం. ఆర్‌కే బీచ్‌లో అల వెనక్కి వెళ్ళేటప్పుడు లాగే జోరు చాలా ఎక్కువ, ఈత వచ్చిన పెద్దవాళ్ళు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. రుషికొండ బీచ్‌కి శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉంది కదా అని అక్కడా ధీమా వద్దు, సముద్రానికి సర్టిఫికెట్ సంగతి తెలియదు. చిన్నపిల్లలకి చీలమండ దాటిన నీళ్ళు వద్దు, చెయ్యి పట్టుకునే ఉండాలి, సముద్రానికి వీపు పెట్టి ఫొటోకి నిలబెట్టడం అసలే వద్దు. ఇంకోటి, "అందరం చూస్తున్నాంలే" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. అందుకే కాపలా నోటితో చెప్పి మార్చుకోండి. "ఇప్పటి నుంచి మీరు చూడండి, నేను కూర్చుంటున్నా" అని మీ ఆయనతో అనాలి, ఆయన "సరే" అనాలి, ఫోన్ జేబులో పెట్టాలి. మీ వంతు అయ్యాక మీరు నిజంగానే కూర్చోవాలి, కూర్చుని కూడా కంగారుపడితే లాభం లేదు. ఎవరూ తోడులేకుండా ఇద్దరు పిల్లలతో మీరొక్కరే వెళ్తే ఆ రోజు నీళ్ళు లేవు, ఇసుకే. జనం ఎక్కువున్న రోజుల్లో పిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాసేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112.

బీచ్ రోడ్డు మీదే ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు సబ్‌మెరైన్ ఇది, 2002 నుంచి మ్యూజియం. సోమవారం మూసి ఉంటుంది, జూకీ అదే సెలవు, కాబట్టి సోమవారం ప్లాన్ పెట్టుకోకండి. లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి, పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి పట్టదు, రెండేళ్ళ లోపు పిల్లనైతే చంకనేసుకునే తిరగాలి. నాలుగైదేళ్ళ వాళ్ళకి మాత్రం ఇది స్వర్గం. గైడ్ చెప్పే టార్పెడోల సంగతులు వాళ్ళ తలకెక్కవు. వాళ్ళకి కావలసింది ఎక్కడ పడుకునేవాళ్ళు, అన్నం ఎవరు వండేవాళ్ళు, బాత్రూమ్ ఎక్కడ. అవే అడగమనండి. అసలు ఆట మర్నాడు ఇంట్లో మొదలవుతుంది: భోజనాల బల్ల కింద దుప్పటి వేలాడదీసి లోపలికి దూరితే సబ్‌మెరైన్, పాత పేపరు గొట్టం పెరిస్కోప్, అందులోంచి చూస్తూ వంటింట్లో ఉన్న నాన్నమ్మ శత్రువు ఓడ. మీరూ దూరండి ఆ బల్ల కిందకి, నడుం నొప్పి వస్తే వస్తుంది.

జూకి పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే జంతువులన్నీ నీడకి చేరి పడుకుంటాయి. కంబాలకొండ అడవి పక్కన వందల ఎకరాల్లో ఉంటుంది, అంతా నడవాలనుకోకండి. ముందు రోజు రాత్రి పిల్లల్నే మూడు జంతువుల పేర్లు చెప్పమని, ఆ మూడే చూసి, దారిలో కనిపించినవి అదనం అనుకోండి. ఏనుగులా నడవడం, కోతిలా గోక్కోవడం నడక పొడుగునా ఆడొచ్చు, నలుగురూ చూస్తారని సిగ్గుపడకండి. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్ళి, చిన్న రైలెక్కి దిగేస్తే చాలు.

అరకు వైపు రైలు ప్రయాణం ఉంది కానీ మూడేళ్ళు దాటితేనే పెట్టుకోండి, అంతసేపు కూర్చోబెట్టడం తమాషా కాదు. యాభైకి పైగా సొరంగాలొస్తాయి, వచ్చినప్పుడల్లా బోగీ అంతా పిల్లలు కేకలేస్తారు, మీరూ వేయండి, చీకట్లో ఎవరికి తెలుస్తుంది. లెక్కపెట్టడం పెద్దవాడికి అప్పగిస్తే బొర్రా గుహలు స్టేషన్ దాకా ఫోన్ అడగడు. కార్తీక మాసంలో అయితే వనభోజనాలకి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, ఉసిరిచెట్టు కింద భోజనం, దాగుడుమూతలు, వీరీవీరీ గుమ్మడిపండు ఆడడానికి పదిమంది పిల్లలు, వంట పదిళ్ళ నుంచి. ఆ పిలుపు వదులుకోవద్దు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పెరుగన్నం మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలంటే మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచాయే కలపండి, తినే వేళకి తోడుకుంటుంది. బీచ్‌లో ముంత మసాలా మీరు తినండి, నాలుగేళ్ళలోపు వాళ్ళకి పెట్టేటప్పుడు వేరుశెనగ గుళ్ళు ఏరేయండి, గొంతులో అడ్డం పడతాయి. బట్టలు పిల్లలకి రెండు జతలు, మీకు ఒక జత. అందరివీ సర్దుతాం, మనది మాత్రం సర్దం, వాంతి అయ్యేదేమో మన మీదే. బ్యాగు మోసే పని మీ ఆయనది, ముందే చెప్పేయండి. ఫోన్ కూడా ఆయన దగ్గరే ఉంటే ఫొటోల్లో మీరూ ఉంటారు.

బయల్దేరే వేళ ఏడుపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. "ఇంకో అయిదు నిమిషాలే" అంటే వాళ్ళకి ఏమీ అర్థం కాదు, వాళ్ళకి గడియారం తెలియదు కదా. "ఇంకో మూడు గూళ్ళు కట్టి వెళ్దాం" అనండి, మూడోది అయ్యాక సముద్రానికి టాటా చెప్పించండి. అయినా ఏడిస్తే ఎత్తుకుని నడవడమే, బండి కదిలాక నిద్రపోతారు.

కాళ్ళకి అంటుకున్న ఇసుక తడి గుడ్డతో తుడిస్తే పోదు, ఆరనిచ్చి కొంచెం టాల్కం పౌడర్ చల్లి చేత్తో దులిపితే రాలిపోతుంది, ఇది బండెక్కేముందే చేయాలి. ఆ బట్టలు వాషింగ్ మెషిన్‌లో వేసేముందు బాల్కనీలో బాగా దులపండి, జేబులు తిరగేయండి. గవ్వలుంటాయి. ఒక్కోసారి పీత కూడా.