తక్కువ ఖర్చులో కత్తితో గడ్డం గీసుకోవాలంటే

సెలూన్‌లో వాడే కత్తితో ఇంట్లోనే గడ్డం గీసుకుందామని సరదా పుట్టినవాళ్ళలో చాలామంది జర్మనీలోని జోలింగెన్ నగరపు కత్తుల ధరలు చూసి ఆ ఆలోచనే మానేస్తారు, లేదా ఆన్‌లైన్‌లో చవకగా దొరికే మడత కత్తి ఒకటి కొని, అది గీయకుండా వెంట్రుకల్ని పీకుతుంటే అటక మీద పడేస్తారు. ఆ రెండో కత్తిలో లోపం సాధారణంగా ఒక్కటే, దానికి సరైన పదును ఉండదు. బ్లేడు మార్చకుండా సానపట్టి వాడే అసలు మడత కత్తికి డబ్బు పట్టేది అక్కడే. గరుకైన వెయ్యి నంబరు నుంచి నున్నటి ఎనిమిది వేల నంబరు దాకా సానరాళ్ళు, గీసుకునే ముందు ప్రతిసారీ కత్తిని రుద్దే తోలు పట్టీ, పైగా ఆ పని నేర్చుకునే ఓపిక. కొత్తవాళ్ళు కత్తి తిప్పడం రాక తోలు పట్టీని కోసేసుకోవడం కూడా మామూలే.

అందుకే బ్లేడు మార్చుకునే కత్తితో మొదలుపెట్టండి. మన సెలూన్లలో ఇప్పుడు కనిపించేది అదే. సెలూన్ సామాన్లు అమ్మే షాపుల్లో, హైదరాబాద్ అయితే బేగంబజార్‌లో అడగండి, ఆన్‌లైన్‌లో అయితే ఉస్త్రా అని వెతకండి, వందా రెండొందల్లో స్టీలుది వస్తుంది. కొనేముందు తెరిచి ఊపి చూడండి, కీలు వదులుగా ఉంటే వద్దు. బ్లేడు పెట్టాక అంచు రెండు చివర్లా సమానంగా బయటికి రావాలి, ఒక పక్క ఎక్కువ వస్తే ఆ పక్కే కోస్తుంది. బ్లేడుకి మామూలు రెండంచుల బ్లేడు చాలు, సెవెనో క్లాక్ లాంటిది. కాగితం తీయకుండానే నిలువుగా మడిచి విరిస్తే రెండు ముక్కలవుతుంది, అంటే ఒక బ్లేడు రెండుసార్లకి. జపాన్ ఫెదర్ బ్లేడు జోలికి మాత్రం అప్పుడే పోవద్దు, దాని పదును కొత్త చేతికి ఎక్కువ.

ఇంకా ఒక చవక బ్రష్, ట్యూబు క్రీమో షేవింగ్ సబ్బో, పటిక ముక్క. కిరాణా షాపులో పటిక అడిగితే పటికబెల్లం పొట్లం కట్టిస్తారు, చూసుకోండి. స్ప్రే ఫోమ్ డబ్బా దండగ అని నా అభిప్రాయం, పైపైన తెల్లగా కనిపిస్తుంది గానీ వెంట్రుక నానదు.

స్నానం చేసి వచ్చాక గీసుకుంటే సగం పని తేలికవుతుంది. బ్రష్‌తో ఒకటి రెండు నిమిషాలు రుద్దండి, నురగ మజ్జిగలా జారిపోకుండా చిక్కటి పెరుగులా నిలబడాలి. అంతకంటే ముందు, ఒకరోజు పెరిగిన గడ్డం మీద వేళ్ళతో తడిమి వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో చూసుకోండి. చెంప మీద సాధారణంగా కిందికే ఉంటాయి, మెడ మీద మాత్రం కొందరికి పక్కకి, కొందరికి పైకి కూడా ఉంటాయి, చాలామంది తెగ్గొట్టుకునేది అక్కడే.

చేతులు పొడిగా తుడుచుకుని, పిడిని పైకి మడిచి, బ్లేడుకీ కీలుకీ మధ్య ఉండే లోహపు మెడ మీద మూడు వేళ్ళు, కింద బొటనవేలు, కీలు దాటి వెనక తోకలా ఉండే కొస మీద చిటికెన వేలు ఉంచి పట్టుకోండి. బ్లేడు చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో ఉండాలి. మరీ నిలబెడితే గీరుకుంటుంది, కోసుకుంటుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగుతుగా లాగి పట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం, ఆ వేళ్ళు జారుతుంటే కాస్త పటిక రాసుకుంటే పట్టు దొరుకుతుంది. అంగుళం కంటే పొడుగు గీతలు వద్దు, నొక్కొద్దు, కత్తి బరువే చాలు. బ్లేడుని అడ్డంగా మాత్రం ఎప్పుడూ జరపొద్దు, లోతుగా తెగేది అప్పుడే. కత్తి చేజారితే పట్టుకోబోకండి, పడనివ్వండి, పాదాలు వెనక్కి తీసుకోండి.

మొదటి వారం కణతల కింద నుంచి చెంపల దాకా మాత్రమే కత్తితో, మిగతాది మీ పాత రేజర్‌తోనే పూర్తి చేసేయండి. చెంపలు అలవాటయ్యాక దవడ, తర్వాత మెడ, ఆఖరికి గడ్డం మొన, పైపెదవి. సెలూన్‌లో అడిగే రివర్స్, అంటే వాలుకి ఎదురుగా గీయడం, ఇప్పుడే వద్దు, వాలున ఒకసారి గీసుకుని, నున్నగా రాలేదనిపిస్తే మళ్ళీ నురగ పెట్టి పక్కవాటుగా ఇంకోసారి. మొటిమలు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఈ సరదా పెట్టుకోకపోవడమే మేలు.

అయిపోయాక చల్లనీళ్ళతో కడిగి తడి పటిక రుద్దండి. ఎక్కడ మండితే అక్కడ ఎక్కువ నొక్కారన్నమాట, రేపు ఆ చోట చెయ్యి తేల్చండి. బ్లేడు తీసేసి కత్తిని ఆరబెట్టండి. వాడిన ముక్కల్ని చెత్తబుట్టలో ఊరికే వేయొద్దు, చెత్త ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి. పాత రేకు డబ్బాకి మూత మీద సన్నటి గాటు పెట్టి అందులో వేస్తూ ఉండండి.

కేవలం డబ్బు మిగలడమే మీకు కావాలంటే, ఇంత తతంగం లేకుండా రెండంచుల బ్లేడు రేజర్ కొనుక్కోండి. కత్తి మీద మోజు అలాగే ఉంటే, రెండు మూడు నెలల తర్వాత అసలు మడత కత్తి గురించి చూడండి. అది నిజానికి ఈ బ్లేడు కత్తి కంటే చర్మం మీద మెత్తగా ఉంటుంది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతల్లో కనిపిస్తే, పైన తుప్పు ఉన్నా పరవాలేదు గానీ అంచు దగ్గర గుంటలు పడినా, చిన్న పగులు ఉన్నా తీసుకోవద్దు, వాటిని ఏ సానరాయీ బాగుచేయలేదు.