పరదేశంలో ఉన్నవారి ఓటు: పోలండువారి ఏర్పాటు, మన ఇంటివారు చేయవలసిన పని

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాలలోను, గోదావరికి అవతలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కలను గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన తల్లి, మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న కొడుకు పంపే సొమ్ముతో ఇక్కడ ఇల్లు లేస్తుంది, పిల్లల చదువు సాగుతుంది. కాని ఏటిగట్టు పటిష్ఠత గురించి, మురుగుకాలువల పూడికతీత గురించి నిర్ణయించేవారిని ఎన్నుకొనే రోజున ఆ సొమ్ము పంపినవారి పేరు చాలా ఇళ్లలో జాబితాలోనే ఉండదు. ఆ పేరు చేర్పించడానికి ఇక్కడి ఇంటివారు ఏమి చేయాలో చెప్పడం కోసమే ఈ వ్యాసం.

ముందుగా పోలండు సంగతి తెలుసుకోవడం మేలు. ఆ దేశం 2004 మే 1న ఐరోపా సమాఖ్యలో చేరిన వెంటనే బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ దేశాలు అక్కడి కార్మికులను ఆంక్షలు లేకుండా రానిచ్చాయి. లక్షలాది మంది వలస వెళ్లారు, వారితోపాటు వారి ఓటూ వెళ్లింది. పార్లమెంటు ఎన్నిక గాని అధ్యక్ష ఎన్నిక గాని వచ్చినప్పుడు పోలండు ప్రభుత్వం విదేశీ నగరాలలో, ఎంబసీలలోను కాన్సులేట్లలోనే కాక ఇతర భవనాలలో కూడా, పోలింగ్ కేంద్రాలు తెరుస్తుంది. ఓటరు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకొని, తానున్న ఊరికి దగ్గరి కేంద్రంలో ఓటు వేస్తాడు. పార్లమెంటు ఎన్నికలలో ఆ ఓట్లన్నీ రాజధాని వార్సా నియోజకవర్గం లెక్కలో కలుస్తాయి. 2023 అక్టోబరు 15న జరిగిన ఎన్నికకు విదేశాలలో 400కు పైగా కేంద్రాలు పనిచేశాయి, 6 లక్షల మంది పేర్లు నమోదయ్యాయి. మరో దేశ పౌరసత్వం తీసుకొన్నా, పోలిష్ పౌరసత్వం వదులుకోనంత వరకు వారి ఓటు పోదు.

మన చట్టం వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ 2011 ఫిబ్రవరిలో అమలుకు వచ్చి, విదేశంలో ఉన్న భారత పౌరుడికి ‘ప్రవాస ఓటరు’గా నమోదయ్యే హక్కు ఇచ్చింది. కాని ఓటు మాత్రం సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి స్వయంగా వచ్చి వేయాలి. తన బదులు మరొకరి చేత ఓటు వేయించుకొనే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది గాని, 2019లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020లో ప్రతిపాదించినా, 2024 ఎన్నికల నాటికి అదీ రాలేదు. 2019లో సుమారు లక్ష మంది ప్రవాస ఓటర్లు నమోదైతే ఓటు వేసినవారు దాదాపు 25,600 మంది, వారిలో ఇంచుమించు అందరూ కేరళవారే. 2024లో నమోదు 1 లక్షా 19 వేలకు చేరింది గాని ఓటు వేసినవారు 3,000 మంది కూడా లేరు. ఈ అంకెలు చూసి నమోదు దండగ అనుకోవడం పొరపాటు. జాబితాలో పేరుంటేనే సెలవు కలిసివచ్చిన ఏడాది ఓటు వేయగలరు. పైగా ఈ జాబితా పెరిగినకొద్దీ, ఉన్నచోటనే ఓటు కావాలని అడిగే మాటకు బలం చేకూరుతుంది.

మొదట చూడవలసినది పాస్‌పోర్టులోని చిరునామా. ప్రవాస ఓటరుకు నియోజకవర్గాన్ని నిర్ణయించేది అదే. హైదరాబాదులో అద్దె గది చిరునామాతో పాస్‌పోర్టు తీసుకొన్న అబ్బాయికి అమలాపురంలో ఓటు రాదు; సెలవుకు వచ్చినప్పుడు సొంత ఊరి చిరునామాతో పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకోవడం మంచిది. పాత పాస్‌పోర్టులో తూర్పు గోదావరి జిల్లా అని ఉన్నందుకు కంగారు పడనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి గాని శాసనసభ నియోజకవర్గాల సరిహద్దులు మారలేదు. ఇంటిపనికి వెళ్లే ఆడవారి విషయంలో నేను గట్టిగా చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది: గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని చేతికి వెళ్లడం తరచుగా జరుగుతున్నందువల్ల, ఫొటో, చిరునామా, వీసా ముద్ర ఉన్న పుటల నకళ్లను బయలుదేరేముందే సంతకంతో సహా రెండు మూడు జతలు తీసి ఇంట్లో దాచాలి. అవి ఓటుకే కాదు, ఆపదలోనూ అక్కరకు వస్తాయి.

దరఖాస్తు పేరు ఫారం 6ఎ. ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో విదేశం నుంచే నింపవచ్చు, లేదా నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి తపాలాలో పంపవచ్చు. ఫొటో, పైన చెప్పిన నకళ్లు జతపరచి దరఖాస్తుదారే సంతకం చేయాలి. ఇదివరకే ఓటరు గుర్తింపు కార్డు ఉన్నవారు దానిని అప్పగించాలి. రెండు చోట్ల పేరు ఉండకూడదు, తెలిసి అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు పడవచ్చు.

తరువాత బూత్ స్థాయి అధికారి, అంటే మనం బీఎల్‌ఓ అని పిలిచేవారు, ఇంటికి వస్తారు. ఎక్కువ దరఖాస్తులు చిక్కుబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. తాళం వేసి ఉన్న ఇల్లు, ‘మాకేమీ తెలియదండీ’ అనే ముసలి తల్లి కనబడితే విచారణ ముందుకు సాగదు. కాగితాలు ఆ దేశంలోని మన ఎంబసీకి వెళ్లి ఆలస్యమవుతాయి. కనుక ఇంట్లో ఒకరికి విషయమంతా ముందే చెప్పి ఉంచాలి, మనిషి ఫలానా దేశంలో పని చేస్తున్నాడని వారు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. నామినేషన్ల గడువు ముగిసిన తరువాత ఏ పేరూ చేర్చరు గనుక ఎన్నికల వేడి మొదలయ్యేదాకా ఆగకూడదు. సందేహం వస్తే 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పేరు చేరినా ప్రవాస ఓటరుకు గుర్తింపు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు చూపాలి, నకలు చెల్లదు. మనవారు సాధారణంగా సంక్రాంతికి సెలవు పెట్టుకొంటారు, 2024లో మన పోలింగ్ మే 13న జరిగింది. అందువల్ల ఎన్నికల ఏడాదిలో సెలవును వేసవికి జరుపుకొనే మాట యజమానితో ముందే మాట్లాడుకోవాలి. రానివారి ఓటును ఊళ్లో మరొకరు వేయడం నేరం, ఇంటివారు దానికి ఎన్నడూ ఒప్పుకోకూడదు.

ఉన్న దేశపు ఎన్నికల సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపా సమాఖ్య దేశాలలో స్థిరపడిన పోలిష్ పౌరులు అక్కడి స్థానిక ఎన్నికలలో ఓటు వేయవచ్చు. బ్రిటన్ సమాఖ్యను వీడిన తరువాత కూడా ఆ హక్కు నిలవడానికి రెండు దేశాలు 2020లో ఒప్పందం చేసుకొన్నాయి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారత పౌరులు, కామన్వెల్త్ పౌరులుగా, అక్కడి పార్లమెంటు ఎన్నికలలో సైతం ఓటు వేయవచ్చు. భీమవరం నుంచి లండన్‌కు చదువుకు వెళ్లిన పిల్లలలో ఈ సంగతి తెలియనివారే ఎక్కువ. ఐర్లండ్‌లో నివాసం ఉన్నవారికి స్థానిక ఎన్నికలలో ఓటు ఉంది. అమెరికాలో మాత్రం గ్రీన్‌కార్డు ఉన్నా పౌరసత్వం లేనివారు జాతీయ ఎన్నికలలో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపివేసే ప్రమాదమూ ఉంది. కువైట్‌లో విదేశీయులు ప్రదర్శనలలో పాల్గొనకూడదు. 2022 జూన్‌లో అక్కడి ఫహాహీల్ ప్రాంతంలో జరిగిన ప్రదర్శనలో పాల్గొన్న విదేశీయులను దేశం నుంచి పంపివేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఊరి పార్టీ అభిమానాన్ని అక్కడ వీధిలోకి తేవద్దని మీ పిల్లలకు చెప్పండి.

విదేశీ పౌరసత్వం తీసుకొన్నవారికి, భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడ ఓటు ఉండదు. ఆ సంగతి నమోదు అధికారికి తెలియజేయాలి. పని ముగించుకొని ఊరికి వచ్చేసినవారు కూడా ఆ అధికారికే చెప్పి, సాధారణ ఓటరుగా మళ్లీ నమోదు కావాలి. వారికి గుర్తింపు కార్డు అప్పుడు అందుతుంది.