మనవడు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా అని అడగడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా, కూతురి పురుటికో కోడలికి సాయానికో ఆరు నెలలు అమెరికా వెళ్లి వచ్చిన తెలుగు అమ్మమ్మలు, తాతయ్యలు కనిపిస్తారు. ఊరగాయ కారకుండా ఎలా కట్టాలి, బీపీ మందులు ఎన్ని నెలలకు సరిపడా పట్టుకెళ్లాలి, ఏ ఇన్సూరెన్సు మంచిది అని ఒకరినొకరు అడిగి తెలుసుకునే మనం, అక్కడ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్లలో తుపాకీ ఉందా అన్న సంగతి మాత్రం అడగం. నేనూ అడగలేదు. డాలస్‌లో మా మనవడిని పక్కవీధిలోని స్నేహితుడి ఇంటికి మూడుసార్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాను. నాలుగోసారి వెళ్లినప్పుడు, పడకగది సొరుగులో పిస్తోలు ఉంటుందని ఆ ఇంటావిడ మాటల మధ్యలో చెప్పింది. కీడేమీ జరగలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తుపాకీ గాయాలను ప్రజారోగ్య సమస్యగా తీసుకుని అక్కడి విశ్వవిద్యాలయాలు చేసిన పరిశోధనలను ఆ తర్వాతనే ఓపికగా చదివాను. వాటిలో మన ఇళ్లకు పనికివచ్చేది ఏమిటో, దాన్ని ఎలా ఆచరణలో పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు అడగాలో ముందుగా మీకు మీరు చెప్పుకోవాలి, లేకపోతే ఆ వేళకు నోరు పెగలదు. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాలకు తుపాకీ గాయాలే మొదటి కారణమయ్యాయి. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది. ఇంటి రక్షణకే కదా కొనుక్కున్నారని మనం సమాధానపడతాం. ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం, తుపాకీ లేని ఇంటికంటే సుమారు 2.7 రెట్లు ఎక్కువ. చంపినవారిలో ఎక్కువమంది ఇంటివారో తెలిసినవారో. ఈ తరహా పరిశోధనకు 1996లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన ఒక నిబంధనతో కేంద్ర నిధులు ఇంచుమించు ఆగిపోయి, 2020 బడ్జెట్ సంవత్సరంలో గానీ మళ్లీ 2.5 కోట్ల డాలర్లు రాలేదు. ఆ ఇరవై ఏళ్ల పైచిలుకు కాలంలో ఎన్ని ప్రశ్నలకు జవాబు దొరికి ఉండేదో తలచుకుంటే బాధ కలుగుతుంది.

అడగవలసినది ఏమిటో సియాటిల్‌లోని డేవిడ్ గ్రాస్‌మన్ బృందం 2005లో తేల్చి చెప్పింది. తుపాకీకి తాళం వేయడం, అందులో తూటాలు లేకుండా ఉంచడం, తూటాలను కూడా తాళం వేసి దాచడం, వాటిని తుపాకీ ఉన్న చోట కాక వేరే చోట పెట్టడం అనే నాలుగు అలవాట్లలో ప్రతి ఒక్కటీ, ఇంట్లోని తుపాకీతో పిల్లలు తమను తాము గాయపరచుకునే ప్రమాదాన్ని తగ్గించేదిగా కనిపించింది. నాలుగూ ఉంటే మరీ మంచిది. మీరు ఈ నాలుగింటిని గుర్తుపెట్టుకుంటే చాలు, తుపాకుల రకాలు, వాటి పేర్లు తెలియనక్కరలేదు.

"పిల్లలకు కనబడకుండా దాచాం" అన్న జవాబుతో తృప్తిపడకండి. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తుపాకీ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రులలో 39 శాతం మంది మాటను వారి పిల్లలే కాదన్నారు. అట్లాంటాలో 2001లో జరిగిన మరో పరిశోధన ఇంకా కళ్లు తెరిపించేది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో కూర్చోబెట్టి, సొరుగులో తూటాలు లేని నిజమైన పిస్తోలు ఉంచి, అద్దం వెనుక నుంచి గమనించారు. 29 జట్లలో 21 జట్లు దాన్ని కనిపెట్టాయి, వాటిలో 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. అలా తీసుకున్న పిల్లలలో నూటికి తొంభైమందికి పైగా తుపాకీ జోలికి పోకూడదని అంతకు ముందే ఎవరో ఒకరు బోధించి ఉన్నారు. మా వాడు బుద్ధిమంతుడు, చెప్పిన మాట వింటాడు అన్న నమ్మకం నాకూ ఉండేది. ఇది చదివాక ఆ నమ్మకం మీద బరువు వేయడం మానేశాను.

ఇక అడిగే పద్ధతి. గుమ్మం దగ్గర నిలబడి, పిల్లలు చెప్పులు విప్పుతుండగా అడగకండి. ముందురోజే ఫోనులో అడగండి. ఒక్క ప్రశ్నగా అడిగితే అనుమానించినట్టు ఉంటుంది కనుక, పిల్లవాడికి వేరుశెనగ పడదు, ఇంట్లో కుక్క ఉందా, ఈతకొలను చుట్టూ కంచె ఉందా అనే ప్రశ్నల వరుసలో దీన్ని చేర్చండి. అమెరికా శిశువైద్యుల సంఘం కూడా తల్లిదండ్రులను ఇలా అడగమనే చెబుతుంది. ఎదుటివారు తెలుగువారైతే, "అమ్మా, అడిగానని ఏమీ అనుకోకు. మా వాడు సొరుగులన్నీ లాగే రకం. ఇంట్లో తుపాకీ గానీ ఉందా? ఉంటే తాళం వేసి, తూటాలు విడిగా పెట్టారా?" అంటే చాలు. మన పిల్లవాడి అల్లరిని ముందు పెట్టి అడిగితే, వారి ఇంటి మర్యాదకు వెలితి రాదు. తెలుగు రానివారి దగ్గర అల్లుడి చేతనో కూతురి చేతనో అడిగించండి, కానీ అడిగారో లేదో మళ్లీ కనుక్కోండి. తాళం లేదని తెలిస్తే వాదించకండి. "పిల్లలిద్దరినీ మా ఇంటికే పంపించమ్మా, పునుగులు వేస్తున్నాను" అని ఆటను మీ ఇంటికి మార్చండి. ఒకరిద్దరు నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి వారం రోజుల్లో పోతుంది.

సొంత బిడ్డ ఇంట్లో అడగడం దీనికంటే కష్టం. కొడుకు తుపాకీ కొన్నాడని కోడలి ద్వారా తెలిస్తే, కోడలిని మధ్యలో నిలబెట్టకుండా నేరుగా కొడుకుతోనే మాట్లాడాలి. "కొనవద్దు" అనే మాటకంటే "తాళంచెవి ఎవరి దగ్గర ఉంది నాన్నా, తూటాలు ఎక్కడున్నాయి?" అనే మాట ఎక్కువ దూరం వెళుతుంది. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలకు ఇంకొక సంగతి చెప్పాలి: విద్యార్థి వీసా, హెచ్ వన్ బీ వంటి వాటి మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. కన్వీనియన్స్ స్టోర్లలో, గ్యాస్ స్టేషన్లలో పనిచేసే మనవాళ్లు ఆత్మరక్షణకు తుపాకీ కావాలనుకుంటారు. నార్త్ కరొలైనాలో డేనా లూమిస్ బృందం 2005లో చేసిన అధ్యయనంలో, తుపాకులను అనుమతించిన పనిచోట్లలో హత్య జరిగే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువగా కనిపించింది. రాత్రిపూట ఒక్కరినే ఉంచకపోవడం, దుకాణం బయట మంచి వెలుతురు ఉండటం రక్షణనిస్తాయని అదే బృందం అంతకు ముందే చెప్పింది. పనిలో చేరేముందు యజమానిని అడగవలసినవి ఈ రెండూ.

ఇంట్లో ఎవరైనా ఉద్యోగం పోయో, కాపురంలో కలతతోనో కుంగిపోయి ఉంటే, తాళం మాట చాలదు. అమెరికాలో తుపాకీ మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. హ్యూస్టన్‌లో ఆత్మహత్యకు ప్రయత్నించి ప్రాణాపాయం నుంచి బయటపడిన యువతను అడిగి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు నలుగురిలో ఒకరికి ఆలోచనకూ ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలు కూడా లేవు. ఆ గడ్డుకాలం గడిచేవరకు తుపాకీని ఇంటి నుంచే తీసివేయించండి. ఎక్కడ ఉంచవచ్చో ఆ రాష్ట్రపు నిబంధన కనుక్కుని, అక్కడి పోలీసులనో తుపాకుల దుకాణదారునో అడగవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికి సాయం చేసే నంబరు అమెరికాలో 988, దానికి ఫోను చేయాలి. ఇక్కడ మన దిగులుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

సెలవులకు కొడగు (కూర్గ్) హోంస్టేకు వెళ్లేటప్పుడు కూడా ఇదే వరుసలో అడగండి. అక్కడి కొడవ జాతివారికి కొన్ని రకాల తుపాకుల విషయంలో లైసెన్సు నుంచి చట్టబద్ధమైన మినహాయింపు ఉంది, కైల్‌పోళ్ద్ పండుగనాడు వాటికి పూలు పెట్టి పూజిస్తారు. వారికి అది ఇంటి గౌరవం కనుక, ఆ గౌరవంతోనే, గది బుక్ చేసేటప్పుడే, పిల్లలతో వస్తున్నామని చెప్పి తాళం సంగతి కనుక్కోండి.