పాత క్యాంపర్ వ్యాన్‌కి వెనక బ్రేకులు సరిగా పట్టకపోతే ఏం చూడాలి?

పాత వ్యాన్‌లో మంచం, నీళ్ల ట్యాంకు, గ్యాస్ పొయ్యి ఎక్కించాక బ్రేకు పట్టడం లేదంటే చాలామంది నేరుగా షూలు, అంటే చక్రంతో తిరిగే డ్రమ్‌కు లోపలినుంచి ఒరుసుకుని ఆపే ముక్కలు, మార్పిస్తారు. ఒక్కోసారి ఆ ఖర్చంతా దండగే.

ముందు పెడల్ తొక్కి చూడండి. మొదటిసారి లోతుకు పోయి, రెండుమూడు సార్లు కొడితే పైకొస్తే షూకీ డ్రమ్‌కీ మధ్య సందు పెరిగింది. మెత్తగా స్పాంజిలా ఉంటే లైనులో గాలి చేరింది. తొక్కిపట్టినా మెల్లగా దిగుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్‌నీ షూలనీ అనుమానించాలి.

సమతలం మీద బండి ఆపి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి డ్రమ్ ఊడదీయండి. దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, షూల మీది పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిబట్టతో తుడవాలి. రివెట్ తలలపైన లైనింగ్ 1 మిల్లీమీటరుకు తగ్గితే రెండువైపులా షూలు మార్చాలి. షూ తడిగా ఉంటే వాసన చూడండి: చిక్కగా ఘాటుగా ఉంటే గేర్ ఆయిల్, అంటే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయింది, పల్చగా జారుగా ఉంటే బ్రేక్ ఆయిల్, అంటే షూలను డ్రమ్ మీదికి నెట్టే వీల్ సిలిండర్ కారుతోంది. కారణం సరిచేయకుండా కొత్త షూలు వేస్తే అవీ తడుస్తాయి. షూకీ డ్రమ్‌కీ మధ్య సందును సరిచేసే అడ్జస్టర్ తుప్పుపట్టి బిగుసుకుందేమో కూడా చూడండి. వాగు నీళ్లలో దిగే బండ్లకు ఇది మామూలే.

అసలు మెలిక కమాన్ పట్టీల దగ్గర ఉంటుంది. బరువు కోసం అదనపు పట్టీ వేయిస్తే బండి వెనక లేస్తుంది. కొన్ని వ్యాన్లలో యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య రాడ్డుతో లోడ్ వాల్వ్ ఉంటుంది. బండి లేచి ఉంటే అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. షూలు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. రాడ్డును కంపెనీ సర్వీస్ మాన్యువల్ కొలత ప్రకారమే సెట్ చేయించండి. ఎక్కువ తిప్పితే వానలో వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది.

లైనులో చేరిన గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో, మామూలుగా ఎడమ వెనక చక్రంతో, మొదలుపెట్టాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే పోయండి. ఇంజిన్ ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బిపోతుంది. అన్నీ అయ్యాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించండి. ఖాళీ రోడ్డులో 20 కిలోమీటర్ల వేగంతో బ్రేకు కొట్టి, బండి పక్కకు లాగకపోతేనే నీళ్ల ట్యాంకు నింపి మళ్లీ చూడండి.